ముప్పావు అంగుళం ఉక్కు

నీటి మీద వేగం చాలా ఖరీదైన సరుకు. ఓడ వేగాన్ని రెట్టింపు చేయాలంటే ఇంజిను శక్తిని రెట్టింపు చేస్తే చాలదు, ఇంచుమించు ఎనిమిది రెట్లు చేయాలి. నీటి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పెరిగిన ఆ నిరోధాన్ని పెరిగిన వేగంతోనే నెట్టుకుపోవాలి కనుక ఇంజిను మీద పడే భారం ఘనం లెక్కన పెరుగుతుంది. ఓడ ముందు లేచే అలకు ఖర్చయ్యే శక్తి దీనికి అదనం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కట్టిన ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్లు ఈ లెక్కతో చూస్తేనే అర్థమవుతాయి. పొడవు 115 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. నిండు బరువు రెండున్నర వేల టన్నులు. అంత చిన్న ఒంట్లో 60,000 అశ్వశక్తి గల టర్బైన్లు. జపాన్ మహానౌక యమాటో బరువు సుమారు 70,000 టన్నులు, దాని యంత్రాల శక్తి 150,000 అశ్వశక్తి. అంటే యమాటోలో ఇరవై ఎనిమిదో వంతు బరువున్న ఓడలో, యమాటో యంత్రాల్లో ఐదింట రెండు వంతుల శక్తి. గంటకు 65 కిలోమీటర్లు పరిగెత్తడానికి చెల్లించిన ధర అది. బాయిలర్లు, టర్బైన్లు, చమురు, ఫిరంగులు, టార్పెడోలు ఎక్కించాక కవచానికి బరువు మిగల్లేదు. యమాటో నడుముకు 410 మిల్లీమీటర్ల ఉక్కు కవచం ఉంటే, ఫ్లెచర్ ఓడల యంత్రాల గదుల పక్క గోడ మందం ముప్పావు అంగుళం. అంటే 19 మిల్లీమీటర్లు.

ఆ తరగతిలో 175 ఓడలు కట్టారు. వాటిలో ఒకటైన జాన్‌స్టన్ సియాటిల్‌లో తయారై, 1943 అక్టోబరు 27న నౌకాదళంలో చేరింది. దాని అధిపతి కమాండర్ ఎర్నెస్ట్ ఇవాన్స్. ఓక్లహోమాలో పుట్టాడు, చెరోకీ, క్రీక్ ఆదివాసుల రక్తం పంచుకున్నవాడు. 1942లో జావా సముద్రంలో మిత్రపక్షాల నౌకాదళం చిత్తుగా ఓడి వెనుదిరిగినప్పుడు అతను ఒక పాత డిస్ట్రాయర్ మీద ఉన్నాడు. ఆ వెనుకడుగును అతను మర్చిపోలేదు. జాన్‌స్టన్ బాధ్యత తీసుకున్న రోజు, ఇది పోరాడే ఓడ, ప్రమాదంలోకే నడిపిస్తాను, ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే దిగిపోవచ్చని సిబ్బందితో చెప్పాడు. ఎవరూ దిగలేదు. వాళ్లలో చాలామందికి సముద్రమే కొత్త.

తర్వాతి ఏడాది పసిఫిక్‌లో డిస్ట్రాయర్లు చేసే చాకిరీ అంతా జాన్‌స్టన్ చేసింది. మార్షల్ దీవుల్లో, గువామ్‌లో దిగే సైనికులకు అండగా తీరాన్ని ఫిరంగులతో కొట్టింది. 1944 మేలో మరో రెండు డిస్ట్రాయర్లతో కలిసి ఐ-176 అనే జపాన్ జలాంతర్గామిని ముంచింది. ఇవి లేకపోతే యుద్ధం సాగదు. కానీ జాన్‌స్టన్ పేరు చరిత్రలో నిలిచింది ఒకే ఒక్క పొద్దుటిపూట జరిగిన దానివల్ల. ఓడ చేరి ఏడాది నిండడానికి అప్పటికి ఇంకా రెండు రోజులుంది.

1944 అక్టోబరు 25, ఫిలిప్పీన్స్‌లో సమర్ దీవికి తూర్పున. లేటే తీరంలో దిగిన అమెరికా సైన్యానికి గాలి నుంచి అండగా ఆరు చిన్న విమానవాహక నౌకలు, వాటికి కాపలాగా మూడు డిస్ట్రాయర్లు, నాలుగు ఎస్కార్టు నౌకలు. ఈ గుంపును టాఫీ 3 అనేవారు, అధిపతి రియర్ అడ్మిరల్ క్లిఫ్టన్ స్ప్రేగ్. ఉత్తరాన శాన్ బెర్నార్డినో జలసంధిని కాయవలసిన పెద్ద అమెరికా నౌకాదళం జపాన్ వేసిన ఎరను వెంటాడుతూ వెళ్లిపోయింది. ఆ ఖాళీ ద్వారం గుండా జపాన్ అడ్మిరల్ కురిటా దళం రాత్రికి రాత్రి వచ్చేసింది. యమాటోతో కలిపి నాలుగు యుద్ధనౌకలు, ఆరు భారీ క్రూయిజర్లు, రెండు తేలిక క్రూయిజర్లు, పదకొండు డిస్ట్రాయర్లు. ఉదయం ఏడు కొట్టడానికి రెండు నిమిషాల ముందు యమాటో తన 460 మిల్లీమీటర్ల ఫిరంగులు పేల్చింది. దూరం ముప్పై కిలోమీటర్ల పైమాటే.

జాన్‌స్టన్ దగ్గర ఉన్నవి ఐదు అంగుళాల ఫిరంగులు ఐదు, టార్పెడోలు పది. గుండు బరువు 25 కిలోలు. యమాటో గుండు 1,460 కిలోలు.

మొదట చేసిన పని పొగ పెట్టడం. డిస్ట్రాయర్ రెండు రకాల పొగ పెట్టగలదు. బాయిలరులోకి చమురు ఎక్కువగా, గాలి తక్కువగా పంపితే సగం కాలిన నల్లటి మసి పొగగొట్టంలోంచి దట్టంగా వస్తుంది. రెండోది వెనుక భాగంలో పెట్టిన జనరేటర్ల నుంచి వచ్చే తెల్లటి పొగ. అందులో ఉన్న సల్ఫర్ ట్రయాక్సైడు గాలిలోని తేమను పట్టుకుని సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నని తుంపరగా మారుతుంది. ఈ బిందువుల సైజు కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటంతో, వాటిని తాకిన వెలుగు నేరుగా పోకుండా అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. గాలిలో తేమ ఎంత ఉంటే తెర అంత చిక్కబడుతుంది. ఆ రోజు సమర్ దగ్గర గాలి చెమ్మగా, బరువుగా ఉంది. పొగ పైకి లేవకుండా నీటి మీదే పరుచుకుంది. జపాన్ ఫిరంగి దళం ప్రధానంగా కళ్ల మీద, పొడవాటి దూరమాపక దుర్భిణుల మీద ఆధారపడేది. వాళ్ల రాడార్లు ఇంకా మోటుగానే ఉన్నాయి. తమ గుండ్లు పడిన చోటు గుర్తుపట్టడానికి ఒక్కో ఓడ ఒక్కో రంగు గుండ్లలో కలిపేది. ఎర్రవి, పచ్చవి, పసుపువి నీటి స్తంభాలు వాహక నౌకల చుట్టూ లేచాయి. పొగతెర ఆ రంగుల లెక్కను చెడగొట్టింది.

ఇవాన్స్ ఆదేశం కోసం ఆగలేదు. పొగ పెడుతూనే ఓడను శత్రువు వైపు తిప్పాడు. జాన్‌స్టన్ ఫిరంగులు అందుకునే దూరం సుమారు 16 కిలోమీటర్లు. శత్రువు అంతకు రెట్టింపు దూరం నుంచి కొడుతున్నాడు. ఆ మధ్య దూరాన్ని, తిరిగి ఒక్క గుండు కూడా వేయలేని స్థితిలో, పరిగెత్తి దాటాలి. ఇవాన్స్ గుండు పడిన చోటుకే చుక్కాని తిప్పుతూ నడిపించాడు. ఫిరంగి దళం పొరపాటు సరిదిద్దుకుని మళ్లీ కొడుతుంది కనుక, ఇప్పుడే గుండు పడిన చోట వెంటనే మరొకటి పడే అవకాశం తక్కువ. గాల్లో ఉన్న గుండుకు ఓడ కొత్త దిశ తెలియదు.

ఇక్కడ ఓడ పొట్టలో ఉన్న ఒక యంత్రం గురించి చెప్పాలి. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రూయిజరు మీదికి గుండు వేస్తే అది చేరడానికి సుమారు ఇరవై సెకన్లు పడుతుంది. గంటకు 55 కిలోమీటర్లు పోయే క్రూయిజరు ఆలోపు మూడు వందల మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. దాని పొడవే రెండు వందల మీటర్లు. ఉన్న చోటుకు గురిపెడితే గుండు నీళ్లలో పడుతుంది, ఉండబోయే చోటుకు పెట్టాలి. పైగా మన ఓడ కూడా పరుగెత్తుతోంది, మలుపు తిరుగుతోంది, అటూ ఇటూ ఊగుతోంది. ఫిరంగి గొట్టం అరుగుదల, మందు వేడి, గాలి వాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ కలిపి క్షణక్షణం జవాబు చెప్పే యంత్రం పేరు మార్క్ 1 కంప్యూటర్. బరువు టన్నుకు పైనే. దాంట్లో ట్రాన్సిస్టర్ ఒక్కటి లేదు. అన్నీ పళ్ల చక్రాలు, క్యాములు, ఇరుసులు.

దాని గుండెకాయ లాంటి భాగం చాలా సాదా వస్తువు. ఒక చదునైన ఇనుప పళ్లెం ఒకే వేగంతో తిరుగుతుంటుంది. దాని మీద రెండు ఉక్కు బంతులు, బంతుల మీద ఒక రోలరు. బంతులు పళ్లెం నడిబొడ్డున ఉంటే రోలరు తిరగదు. అంచు వైపు జరిపేకొద్దీ అక్కడ పళ్లెం వేగం ఎక్కువ కనుక రోలరు వేగంగా తిరుగుతుంది. బంతుల స్థానం శత్రువు దూరం మారే వేగాన్ని సూచిస్తే, రోలరు మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో అది దూరంలో వచ్చిన మార్పు అవుతుంది. కాలేజీలో కాగితం మీద చేసే సమాకలనం ఇక్కడ ఉక్కు రాపిడితో జరిగిపోతుంది. చుట్టూ నిలబడ్డ నావికులు చేతిపిడులు తిప్పుతూ రాడారు చెప్పిన దూరాలు అందులోకి ఎక్కిస్తారు. ఏది ఉత్తరమో గైరోకంపాస్ నుంచి అందుతుంది. జవాబు విద్యుత్ సంకేతంగా ఫిరంగులకు వెళుతుంది, అవి వాటంతట అవే తిరుగుతాయి.

ఫిరంగుల అధికారి లెఫ్టినెంట్ రాబర్ట్ హేగెన్ పైనున్న డైరెక్టరు అనే గురిపెట్టే గదిలోంచి ముందు వరుసలో వస్తున్న కుమానో అనే భారీ క్రూయిజరును పట్టుకున్నాడు. కొద్ది నిమిషాల్లో రెండు వందలకు పైగా గుండ్లు వేశాడు. వాటిలో చాలా దాని పైభాగాన్ని తాకాయి. తొమ్మిది కిలోమీటర్లకు చేరాక పది టార్పెడోలూ వదిలి, ఇవాన్స్ ఓడను వెనక్కి తిప్పి పొగలోకి దూరాడు. పొగలోంచి బయటికి వచ్చేసరికి కుమానో ముక్కు ఊడిపోయి, మంటల్లో ఉంది. నీటిలో పేలుడుకు ఉండే బలం గాలిలో ఉండదు. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకోదు. ఆ దెబ్బ మొత్తం ఓడ పొట్టకే తగులుతుంది. కుమానో వరుస విడిచి వెళ్లిపోయింది, మళ్లీ ఈ యుద్ధంలోకి రాలేదు.

ఏడున్నరకు జాన్‌స్టన్ వంతు వచ్చింది. మూడు పెద్ద గుండ్లు, వెంటనే మూడు చిన్నవి తాకాయి. పెద్దవి 14 అంగుళాలవని అప్పట్లో అనుకున్నారు. అవి యమాటోవే అయి ఉండాలని తర్వాతి చరిత్రకారులు కొందరు తేల్చారు. అదే నిజమైతే టన్నున్నర బరువున్న గుండ్లు మూడు తగిలిన రెండున్నర వేల టన్నుల ఓడ ఇంకా రెండు గంటలకు పైగా పోరాడింది. ఇదెలా సాధ్యం?

జవాబు ఆ ముప్పావు అంగుళంలో ఉంది. 1924లో జపాన్ నౌకాదళం సగం కట్టి వదిలేసిన టోసా అనే యుద్ధనౌక మీద పరీక్షలు చేసింది. కాస్త ముందే నీటిలో పడ్డ గుండు ఒకటి నీటి కింద ప్రయాణించి కవచం కింది భాగంలో తగిలి పెద్ద గండి పెట్టింది. దాన్ని చూసి జపాన్ ఇంజనీర్లు ఒక ప్రత్యేకమైన గుండు తయారుచేశారు. నీటి కింద వెళ్లడానికి, మందపాటి కవచాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి సమయం కావాలి కనుక, తగిలిన 0.4 సెకన్ల తర్వాత పేలేలా ఫ్యూజు అమర్చారు. సెకనుకు అయిదు వందల మీటర్ల వేగంతో వచ్చే గుండు 0.4 సెకన్లలో రెండు వందల మీటర్లు పోతుంది. జాన్‌స్టన్ వెడల్పు పన్నెండు మీటర్లు, అది దాటడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. అరటాకులోంచి సూది దిగినట్టు గుండు ఓడలోంచి దూసుకుపోయి, పేలితే అవతల ఎక్కడో సముద్రంలో పేలుతుంది. మందపాటి కవచం ఉన్న ఓడలోనైతే అదే గుండు లోపలే పేలేది.

తాము కొడుతున్నవి డిస్ట్రాయర్లన్న సంగతి జపాన్ వాళ్లకు చాలాసేపు తెలియలేదు. డిస్ట్రాయర్లను క్రూయిజర్లుగా, చిన్న వాహక నౌకలను పెద్దవిగా అంచనా వేశారు. అందుకే కవచాన్ని చీల్చే గుండ్లు వాడారు.

ఈ లెక్కను అదృష్టం అనడం నాకు ఇష్టం లేదు. పేలకపోయినా ఆ గుండు చేసిన పని ఘోరమైనది. 1,460 కిలోల ఇనుము ఆ వేగంతో వస్తే దాని గతిశక్తే నలభై కిలోల పైచిలుకు టీఎన్‌టీకి సమానం. వెనుక బాయిలర్ గదిలో, ఇంజిన్ గదిలో అది తగిలింది. ఆ గొట్టాల్లో ఉన్నది 450 డిగ్రీల ఆవిరి, చదరపు సెంటీమీటరుకు 42 కిలోల ఒత్తిడితో. అంత వేడి ఆవిరి కంటికి కనిపించదు, తెల్లగా కనిపించేది చల్లబడుతున్న ఆవిరి. గొట్టం తెగితే గదిలో ఉన్న మనిషికి పరిగెత్తే వ్యవధి ఉండదు. ఒక్క దెబ్బకు ఓడ వేగం సగానికి సగం పడిపోయింది, గంటకు 31 కిలోమీటర్లు. వెనుక మూడు ఫిరంగులకు కరెంటు పోయింది. చుక్కానికి కరెంటు పోయింది. గైరోకంపాస్ పనికిరాకుండా పోయింది. ఇవాన్స్ చొక్కా పేలికలై ఎగిరిపోయింది, ఎడమచేతి వేళ్లు రెండు తెగిపోయాయి.

అప్పుడు ఒక వానజల్లు వచ్చి ఓడను పది నిమిషాలు కప్పేసింది. ఆ పది నిమిషాల్లో సిబ్బంది చేసిన మరమ్మతును నేను ఆ రోజు జరిగిన వాటన్నిటిలోకీ గొప్పదిగా లెక్కవేస్తాను. ముందు రెండు ఫిరంగులను మళ్లీ కంప్యూటరుకు కలిపారు. వెనుక ఫిరంగులను చేత్తో తిప్పి గురిపెట్టారు. చుక్కాని తిప్పడానికి ఓడ తోక భాగంలో, డెక్కు కింద, ఇరుకు గదిలో నావికులు హైడ్రాలిక్ పంపును చేతులతో తోడారు. లోపల ఉక్క, చమురు వాసన, బయట ఏం జరుగుతోందో కనపడదు. అలసిపోయినవాళ్లను తప్పించి కొత్తవాళ్లు పట్టుకునేవారు. తర్వాత ఓడను నడిపే బ్రిడ్జి కూడా నిలబడలేని స్థితికి వచ్చినప్పుడు ఇవాన్స్ వెనుక డెక్కు మీదికి వచ్చి, తెరిచిన మూత దగ్గర నిలబడి, కిందికి అరిచి దిశలు చెప్పాడు. కుడికి అంటే కుడికి. రెండున్నర వేల టన్నుల ఓడను మనుషుల భుజాలు తిప్పాయి.

టార్పెడోలు లేవు. వేగం సగమే. అయినా స్ప్రేగ్ మిగతా రెండు డిస్ట్రాయర్లను, శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే ఎస్కార్టు నౌకను టార్పెడో దాడికి పంపినప్పుడు, ఇవాన్స్ వాళ్లకు ఫిరంగులతో అండ ఇవ్వడానికి మళ్లీ అటే తిరిగాడు. ఒక యుద్ధనౌక పొగలోంచి ఆరేడు కిలోమీటర్లలో ఎదురైతే దాని పైభాగం మీద నలభై సెకన్లలో ముప్పై గుండ్లు వేశారు. గాంబియర్ బే అనే వాహక నౌకను ఒక క్రూయిజరు దగ్గరికొచ్చి కొడుతుంటే, గురి తమ మీదికి మళ్లుతుందని ఆ క్రూయిజరుతో తలపడ్డారు. అది మళ్లలేదు, గాంబియర్ బే మునిగింది. చివరకు యహాగి అనే తేలిక క్రూయిజరు తన డిస్ట్రాయర్లతో వాహక నౌకల మీదికి వస్తుంటే, ఆ వరుసకు జాన్‌స్టన్ ఒక్కటే అడ్డం వెళ్లింది. ఆ వరుస తొందరపడి చాలా దూరం నుంచే టార్పెడోలు వదిలింది, ఒక్కటీ తగల్లేదు.

తొమ్మిదింపావు ప్రాంతంలో కురిటా తన దళాన్ని వెనక్కి పిలిచాడు. చెల్లాచెదురైన ఓడలు, ఆగని విమాన దాడులు, ఎదురున్నది పెద్ద నౌకాదళమన్న అపోహ, అన్నీ కలిసి ఆ నిర్ణయానికి దారితీశాయి. ఆ కబురు జాన్‌స్టన్‌కు ఉపయోగపడలేదు. యహాగి, దాని డిస్ట్రాయర్లు చుట్టూ తిరుగుతూ కొడుతూనే ఉన్నాయి. 9.45కు ఓడ విడిచిపెట్టమని ఇవాన్స్ ఆదేశించాడు. 10.10కి మునిగింది. మునుగుతుండగా దగ్గరగా వచ్చిన ఒక జపాన్ డిస్ట్రాయరు మీద దాని అధిపతి సెల్యూట్ చేసి నిలబడ్డాడని బతికినవాళ్లు చెప్పారు.

ఆ తర్వాత యాభై గంటలు. దీని గురించి యుద్ధపు పుస్తకాలు ఒక పేరాతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఉష్ణమండలపు సముద్రం వెచ్చగా ఉంటుందని అనుకుంటాం. 28 డిగ్రీల నీరు కూడా 37 డిగ్రీల ఒంటి నుంచి వేడిని లాగేస్తుంది, అదీ అదే ఉష్ణోగ్రత ఉన్న గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా. రాత్రంతా నీటిలో ఉన్నవాళ్లు పళ్లు కొట్టుకునేలా వణికారు. పగలు ఎండ నెత్తి మాడ్చింది. కళ్లలో, గాయాల్లో చమురు. షార్కులు వచ్చాయి. దాహానికి ఓర్చుకోలేక సముద్రపు నీళ్లు తాగినవాళ్లకు మతి తప్పింది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలకు తాగిన లీటరు కంటే ఎక్కువ నీళ్లే కావాలి. ఆ తేడాను ఒంట్లో ఉన్న నీటి నుంచే తీసుకుంటాయి. గుక్క గుక్కకూ మనిషి ఎండిపోతాడు.

వాళ్లను వెతకడానికి పంపిన స్థానం తప్పు. విమానం చెప్పిన అంకెలు ఎన్నో కిలోమీటర్లు పక్కకు ఉన్నాయి. వెతికిన ఓడలు ఖాళీ నీళ్లు చూసి తిరిగాయి. 27వ తేదీ పొద్దున చిన్న గస్తీ పడవలు, సైనికులను దింపే పడవలు వాళ్లను చేరుకున్నాయి. ఓడ మీద ఉన్న 327 మందిలో 141 మంది బతికారు. పోయిన 186 మందిలో సుమారు యాభై మంది గుండ్లకు పోయారు. 45 మంది తెప్పల మీద గాయాలతో పోయారు. మిగిలిన 92 మంది ఓడ మునిగేనాటికి నీటిలో ప్రాణాలతోనే ఉన్నారు, మళ్లీ కనిపించలేదు. ఇవాన్స్ ఆ 92 మందిలో ఒకడు. సరైన అంకెలు అంది ఉంటే వాళ్లలో ఎందరో ఇంటికి చేరేవారని నమ్ముతాను.

ఓడ శకలం 2019లో దొరికింది. 2021 మార్చిలో అన్వేషకుడు విక్టర్ వెస్కోవో జలాంతర వాహనంలో దాని దాకా దిగి, ముందు భాగం మీద 557 అన్న అంకెను చూసి అది జాన్‌స్టనే అని తేల్చాడు. లోతు 6,456 మీటర్లు. మన బంగాళాఖాతంలో అత్యంత లోతైన చోటు కూడా 4,700 మీటర్లకు మించదు. ఓడ పడి ఉన్న చోట ఒత్తిడి మన గాలి ఒత్తిడికి సుమారు 650 రెట్లు. ఓడ ముందు మూడింట రెండు వంతులు నిటారుగా కూర్చుని ఉంది, ఫిరంగులతో సహా. మరుసటి ఏడాది శామ్యూల్ బి. రాబర్ట్స్ ఇంకా లోతున, 6,895 మీటర్ల దగ్గర దొరికింది.

ఇవాన్స్‌కు మరణానంతరం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అధిపతి పోయాడు కనుక, యుద్ధ నివేదిక రాసే బాధ్యత బతికిన అధికారుల్లో పెద్దవాడికి పడింది. ఆయన ఫిరంగుల అధికారి హేగెన్. అందుకే ఏ నిమిషానికి ఎంత దూరాన ఎవరి మీద ఎన్ని గుండ్లు వేశారో మనకు ఇంత వివరంగా తెలుసు. చూసినవాడు చూసిన చోటు నుంచి రాశాడు, నిజాయితీగా రాశాడు. వెనుక బాయిలర్ గదిలో, ఇంజిన్ గదిలో ఏడున్నరకు ఉన్నవాళ్లలో చాలామంది రాయడానికీ చెప్పడానికీ మిగల్లేదు. ఆవిరి కొట్టాక ఆ గదుల్లో ఎవరు ఏ వాల్వు కట్టారో, మిగిలిన ఇంజినుకు ఆవిరి అందేలా ఎవరు చూశారో నివేదికలో పేరు పేరునా లేదు. ఆ ఒక్క ఇంజినుతోనే జాన్‌స్టన్ తర్వాతి రెండు గంటలూ నడిచింది.